ఒకే అధికరణం, రెండు తీర్పులు

షెడ్యూల్డు కులాల జాబితాకు మూలమైన, రాజ్యాంగంలోని 341వ అధికరణంలో 2004కూ 2024కూ మధ్య ఒక్క అక్షరం మారలేదు. ఆ అధికరణాన్ని ముందు పెట్టుకునే, షెడ్యూల్డు కులాలను రాష్ట్రాలు వర్గీకరించడానికి వీల్లేదని 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు అయిదుగురు ఏకగ్రీవంగా తేల్చారు. అదే అధికరణాన్ని ముందు పెట్టుకుని, వర్గీకరించవచ్చని 2024 ఆగస్టు 1న ఏడుగురిలో ఆరుగురు చెప్పారు. మొదటి తీర్పు పుట్టిందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం మీద. రెండోది వెలువడి ఏడాది తిరక్కుండానే తెలుగు రాష్ట్రాలు రెండూ వర్గీకరణను అమల్లోకి తెచ్చాయి. వర్గీకరణ కోరే దండోరా శ్రేణులు 2024ను న్యాయం గెలిచిన ఏడాదిగా చూస్తాయి. దాన్ని వ్యతిరేకించే మాల మహానాడు శ్రేణులకు 2004 నాటిదే సరైన తీర్పు. ఈ రెండు శిబిరాల బయట నిలబడి చూసేవారికి ఒక సందేహం మిగులుతుంది. రాత మారకుండా తీర్పు మారిందంటే, కోర్టు చెప్పేది చట్టమా, ఆ రోజు బెంచీ మీద కూర్చున్నవారి అభిప్రాయమా?

ఈ సందేహాన్ని కొట్టిపారేయడం తేలిక. అవునని తలూపడం ఇంకా తేలిక. ఈ వ్యాజ్యం పాతికేళ్లకు పైగా నడిచిన దారిని అంచెలంచెలుగా చూస్తే జవాబు ఈ రెంటికీ మధ్య దొరుకుతుంది. న్యాయమూర్తికి ఎంపిక ఉంటుంది, నిజమే. కానీ ఏ ఎంపిక చేసినా దానికి కారణం రాయక తప్పదు. ఆ కారణం కింది కోర్టులన్నిటినీ కట్టిపడేస్తుంది. అది తప్పని తేలిననాడు, పైధర్మాసనం దిద్దడానికి పట్టుకునేది కూడా ఆ కారణాన్నే. కోర్టుల మీద మనం ఉంచే నమ్మకానికి ఆధారం ఏదైనా ఉంటే, అది ఈ కట్టుబాటే.

వివాదం ప్రశ్నగా మారే చోటు

15 శాతం ఎస్సీ రిజర్వేషన్ ఫలాలు జాబితాలోని కులాలన్నిటికీ సమంగా అందడం లేదన్నది మూల ఫిర్యాదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం ఆ ఫిర్యాదును ఊరూరా వినిపించింది. జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ నాలుగు వర్గాలను సూచించింది. దాని ఆధారంగా 1997లో ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వులు హైకోర్టులో నిలబడలేదు. 2000లో శాసనసభ ఏకంగా చట్టం చేసింది. మొత్తం 59 కులాల్లో రెల్లి తదితర 12 కులాలను ‘ఏ’లో ఉంచి 1 శాతం, మాదిగ తదితర 18 కులాలను ‘బీ’లో ఉంచి 7 శాతం, మాల తదితర 25 కులాలను ‘సీ’లో ఉంచి 6 శాతం, ఆది ఆంధ్ర తదితర 4 కులాలను ‘డీ’లో ఉంచి 1 శాతం కేటాయించింది. హైకోర్టులో అయిదుగురు సభ్యుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో ఆ చట్టాన్ని సమర్థించింది. దానిపై అప్పీలు ఢిల్లీకి వెళ్లింది. అదే ఇ.వి. చిన్నయ్య కేసు.

వీధిలో నడిచిన వాదన ఎవరి వాటా ఎవరు తిన్నారన్నది. సుప్రీంకోర్టు విన్న వాదన వేరు. ఎస్సీ జాబితాను విభజించే అధికారం రాష్ట్ర శాసనసభకు ఉందా? ఉన్నా, ఆ విభజన సమానత్వ హక్కును దెబ్బతీస్తుందా? ఎవరికి ఎన్ని ఉద్యోగాలు వచ్చాయన్న లెక్క ఆ తర్వాతి మాట. అధికారమే లేదని తేలితే లెక్కలు ఎంత బలమైనవైనా చట్టం నిలవదు. 2004లో జరిగింది ఇదే. మాదిగలకు వాటా తక్కువ వచ్చిందా లేదా అన్నదానిపై ఆ తీర్పు ఆధారపడలేదు.

ఊళ్లో గట్టు తగాదా కింది కోర్టుకు వెళ్లినా వరస ఇదే. దావా, జవాబు దావా చదివాక, సాక్షులను బోనెక్కించకముందే, జడ్జి ‘ఇష్యూలు’ రాస్తారు. ఇరుపక్షాలూ ఒప్పుకున్న సంగతులు పక్కకు పోతాయి. ఒకరు అవునన్నవీ మరొకరు కాదన్నవీ మాత్రం మిగులుతాయి. ఏ ఇష్యూను ఎవరు రుజువు చేయాలో తేలుతుంది. దావా కాలపరిమితి దాటిపోయిందని తేలితే, గట్టు ఎవరిదన్న ప్రశ్న దాకా వెళ్లే పనే ఉండదు. అసలు సంగతి వదిలేసి సాంకేతిక కారణాలతో కేసు కొట్టేశారని కక్షిదారులు వాపోయేది ఇక్కడే. వారి బాధలో అర్థముంది. అయితే, అవుననో కాదనో జవాబు చెప్పగల ప్రశ్నలుగా విడగొట్టకపోతే ఏ తగాదా కూడా తెగదు. అలా తెగని తగాదాను చివరికి బలవంతుడే తెంచుతాడు.

చిన్నయ్య తీర్పు అల్లిక

2004 నాటి తర్కాన్ని అయిదు మెట్లుగా చూడవచ్చు. ఒకటి: ఏ కులాలు షెడ్యూల్డు కులాలో నోటిఫై చేసేది రాష్ట్రపతి, ఆ జాబితాలో ఒక పేరు చేర్చాలన్నా తీసేయాలన్నా పార్లమెంటే చట్టం చేయాలి. రాష్ట్రం దాన్ని ముట్టుకోకూడదు. రెండు: జాబితాలోకి వచ్చిన కులాలన్నీ రాజ్యాంగం దృష్టిలో షెడ్యూల్డు కులాలుగా ‘భావించబడతాయి’. కాబట్టి అవన్నీ కలిసి ఒకే సజాతీయ వర్గం. మూడు: ఒకే వర్గాన్ని మళ్లీ ముక్కలు చేయడం 14వ అధికరణం చెప్పే సమానత్వానికి విరుద్ధం. నాలుగు: ఉద్యోగాలు, విద్యపై చట్టాలు చేసే అధికారం రాష్ట్రానికి ఉన్న మాట నిజమే కానీ, ఈ చట్టం సారాంశం ఉద్యోగాల పంపకం కాదు, కులాల విభజన. అయిదు: వెనుకబడిన తరగతులను ఉపవర్గాలుగా విడదీయవచ్చని 1992 నాటి ఇంద్రా సాహ్నీ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఒప్పుకున్నది బీసీల సంగతి, అది ఎస్సీలకు వర్తించదు.

మొదటి నాలుగు మెట్లు ఎక్కినవారికి అయిదోదాని మీద నిలబడటం కష్టం కాదు. అందుకే ఇలాంటి తీర్పును ‘అన్యాయం’ అని తిట్టినంత మాత్రాన కదల్చలేం. ఏ మెట్టు విరిగి ఉందో చూపించాలి. న్యాయవాదికీ ఉపన్యాసకుడికీ తేడా అక్కడే తెలుస్తుంది.

విరిగిన మెట్టును వెతికినవారికి అయిదోది మొదటగా తగిలింది. ఇంద్రా సాహ్నీలో ప్రధాన మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉపవర్గీకరణ ఎందుకు అవసరమో వివరించడానికి ఎంచుకున్న ఉదాహరణ ఆంధ్రప్రదేశ్‌దే. కంసాలులూ, రాళ్లు కొట్టే వడ్డెరలూ ఇద్దరూ బీసీలే. ఇద్దరినీ ఒకే గాటన కడితే రిజర్వేషన్ అంతా ముందున్నవారికే పోతుందని ఆయన వాదం. ‘ఇది ఎస్సీ, ఎస్టీలకు వర్తించదు’ అన్న మాట ఆ తీర్పులో ఉన్నమాట నిజమే. కానీ అది వచ్చేది క్రీమీలేయర్ (వర్గంలో పైకి వచ్చినవారిని రిజర్వేషన్ నుంచి తప్పించడం) చర్చలో, ఉపవర్గీకరణ చర్చలో కాదు. చిన్నయ్య ధర్మాసనం ఆ మాటను ఎక్కడి నుంచి ఎక్కడికి తెచ్చిందన్నదే తర్వాతి ఇరవై ఏళ్ల వాదానికి ఊపిరైంది.

అయిదుగురి మాటను అయిదుగురు మార్చలేరు

అసలు పరీక్ష పంజాబ్ నుంచి వచ్చింది. ఆ రాష్ట్రం 1975 నుంచే ఒక సర్క్యులర్ ద్వారా ఎస్సీ కోటాలో సగం ఖాళీలకు వాల్మీకి, మజహబీ సిక్కులకు తొలి ప్రాధాన్యం ఇచ్చేది. చిన్నయ్య తీర్పు వచ్చాక ఆ సర్క్యులర్‌ను పంజాబ్, హరియాణా హైకోర్టు 2006లో కొట్టేసింది. ప్రభుత్వం అదే ఏడాది చట్టం చేసి పాత ఏర్పాటును తిరిగి నిలబెట్టబోయింది. 2010లో హైకోర్టు ఆ చట్టంలోని సంబంధిత సెక్షన్‌ను కూడా కొట్టేసింది. ఆ న్యాయమూర్తుల సొంత అభిప్రాయం ఏదైనా కావచ్చు. సుప్రీంకోర్టు ప్రకటించిన చట్టం దేశంలోని కోర్టులన్నిటికీ శిరోధార్యమని 141వ అధికరణం చెబుతున్నప్పుడు హైకోర్టుకు మరో దారి లేదు.

అప్పీలు సుప్రీంకోర్టుకు చేరాక నడిచిన తీరు చూడాలి. 2014లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అంశాన్ని అయిదుగురికి నివేదించింది. 2020 ఆగస్టులో జస్టిస్ అరుణ్ మిశ్రా నేతృత్వంలోని అయిదుగురు దాన్ని విని, చిన్నయ్య తీర్పును పునఃపరిశీలించాల్సిందేనని అభిప్రాయపడ్డారు. అక్కడే ఆగిపోయారు. చిన్నయ్యలో ఉన్నదీ అయిదుగురే కాబట్టి దాన్ని తోసిపుచ్చే అధికారం తమకు లేదన్నారు. ఏడుగురికి తక్కువ కాని ధర్మాసనం ముందుంచాలని ప్రధాన న్యాయమూర్తిని కోరారు. సమాన సంఖ్యగల బెంచీ తీర్పును మరో సమాన బెంచీ అనుసరించాలి, లేదా పెద్ద బెంచీకి పంపాలి. మధ్యలో మూడో దారి లేదు. తప్పని నమ్మిన తీర్పును కూడా కాదనలేక పక్కకు జరిగిన ఆ అయిదుగురిని చూశాక, కోర్టు చెప్పేది కూర్చున్నవారి అభిప్రాయమేనన్న మాటను అంత తేలిగ్గా అనలేం.

2024 ఫిబ్రవరిలో మూడు రోజులు వాదనలు విన్న ఏడుగురు సభ్యుల ధర్మాసనం ఆగస్టు 1న పంజాబ్ ప్రభుత్వం వర్సెస్ దవీందర్ సింగ్ కేసులో తీర్పు ఇచ్చింది. ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్ తన తరఫునా, జస్టిస్ మనోజ్ మిశ్రా తరఫునా రాసిన తీర్పు చిన్నయ్య మెట్లను ఒక్కొక్కటిగా పరీక్షించింది. జాబితాలో పేరు చేర్చడానికీ తీసేయడానికీ పార్లమెంటే కావాలన్నది నిజం; అయితే ఉపవర్గీకరణ ఎవరినీ చేర్చదు, ఎవరినీ తీసేయదు. ‘భావించబడతాయి’ అన్న చట్టపరమైన కల్పన ఏ పని కోసం పుట్టిందో ఆ పని వరకే చెల్లుతుంది. ఈ కులాలు ఇతరుల నుంచి వేరని గుర్తించడం దాని పని. వాటిలో వాటికి తేడాల్లేవని చెప్పడం దాని పని కాదు. ఎస్సీల్లో ఒక కులానికీ మరో కులానికీ మధ్య అంతరాలున్నాయని చరిత్రా, అందుబాటులో ఉన్న ఆధారాలూ చూపుతున్నాయి. వర్గంలో మరో వర్గాన్ని గుర్తించడాన్ని 14వ అధికరణం నిషేధించదు. ఆ తేడా హేతుబద్ధంగా ఉండాలనీ, చట్ట లక్ష్యంతో దానికి సంబంధం ఉండాలనీ మాత్రమే అడుగుతుంది. 15(4), 16(4) అధికరణాల కింద రిజర్వేషన్లు ఇవ్వగల రాష్ట్రానికి వాటిని హేతుబద్ధంగా పంచే అధికారం కూడా ఉంటుంది. ఇక ఇంద్రా సాహ్నీ ఉపవర్గీకరణను బీసీలకే పరిమితం చేయలేదు.

చిన్నయ్య మొదటి మెట్టును దవీందర్ సింగ్ విరగ్గొట్టలేదన్నది ఇక్కడ గమనించాలి. జాబితా పార్లమెంటుదేనన్న సూత్రం 2004లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. విరిగింది ఆ సూత్రం నుంచి ‘సజాతీయత’కు దూకిన అడుగు. పాత తీర్పును తోసిపుచ్చినప్పుడు కూడా అందులో నిలవగలిగినదాన్ని నిలబెట్టడం న్యాయ తర్కం పద్ధతి.

ఓడిన కారణం కూడా రికార్డులో ఉంటుంది

ఏడుగురిలో జస్టిస్ బేలా ఎం. త్రివేది విభేదించారు. 341వ అధికరణం కింద జాబితాలోకి వచ్చిన కులాలు ఒకే వర్గమనీ, దాన్ని విడదీయడమంటే రాష్ట్రాలు జాబితాతో చెలగాటమాడటమేననీ ఆమె వైఖరి. నిర్ణయమైపోయిన చట్టాన్ని తిరగదోడటానికి 2014లో ముగ్గురి ధర్మాసనం కారణాలు చెప్పకుండానే నివేదించడాన్ని కూడా ఆమె తప్పుపట్టారు. ఈ రెండో అభ్యంతరం వర్గీకరణను సమర్థించేవారు కూడా ఆలోచించాల్సినది. కారణం చెప్పాల్సిన బాధ్యత తుది తీర్పుకు ఎంత ఉందో, పాత తీర్పును కదిలించే మొదటి ఉత్తర్వుకూ అంతే ఉంటుంది.

మైనారిటీ తీర్పు వల్ల ఆ రోజు ఎవరికీ ఏమీ దక్కదు. అయినా దాన్ని ప్రచురించడంలో ప్రయోజనముంది. 1962లో ఖరక్ సింగ్ కేసులో మెజారిటీ న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా ఒప్పుకోనప్పుడు, రాజమండ్రి నుంచి వచ్చిన జస్టిస్ కోకా సుబ్బారావు విభేదించారు. వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత అంతర్భాగమని రాశారు. 55 ఏళ్ల తర్వాత, 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటిస్తూ ఆ భిన్నాభిప్రాయం సరైనదన్నారు. జస్టిస్ త్రివేది వాదానికి అలాంటి రోజు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. వస్తే మాత్రం, కొత్తగా మొదలుపెట్టే అవసరం ఉండదు. వాదం రాసిపెట్టి ఉంది.

నలుగురు చెప్పినా చట్టం కానిది

2024 తీర్పు తర్వాత ఎక్కువ గందరగోళం వర్గీకరణపై రాలేదు, క్రీమీలేయర్‌పై వచ్చింది. జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ పంకజ్ మిత్తల్, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ తమ తమ తీర్పుల్లో, ఎస్సీ, ఎస్టీల్లో పైకి వచ్చినవారిని రిజర్వేషన్ నుంచి తప్పించాలన్న ఆలోచనను సమర్థించారు. ఏడుగురిలో నలుగురు అన్నారు కాబట్టి అది చట్టమైపోయిందని చాలామంది అనుకున్నారు. భయపడినవారూ ఉన్నారు, సంబరపడినవారూ ఉన్నారు. నిజానికి ఆ ధర్మాసనం ముందున్న ప్రశ్న ఉపవర్గీకరణ చెల్లుతుందా లేదా అన్నదొక్కటే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి అవసరమైన కారణాన్ని లాయర్లు ‘రేషియో’ అంటారు. అదే కింది కోర్టులను బంధిస్తుంది. దారిలో తగిలిన ఇతర విషయాలపై న్యాయమూర్తులు చెప్పినది ‘ఆబిటర్’. దానికి గౌరవం ఉంటుంది, కట్టడి ఉండదు. తలలు లెక్కపెట్టే ముందు ఏ ప్రశ్నపై లెక్కపెడుతున్నామో చూసుకోవాలి. రాజ్యాంగంలో ఎస్సీ, ఎస్టీలకు క్రీమీలేయర్ నిబంధన లేదని కేంద్ర మంత్రివర్గం ఆగస్టు 9న ప్రకటించగలిగింది అందుకే. ఆ ప్రకటన వల్ల సుప్రీంకోర్టు తీర్పు ధిక్కారమేదీ జరగలేదు.

తీర్పు అర్థం చేసుకోవడంలో పత్రికలూ, చానళ్లూ తరచూ పొరపడేది కూడా ఇక్కడే. ఎవరు గెలిచారన్న ఒక్క వాక్యం ఆ కేసులోని కక్షిదారులకు సరిపోతుంది. మిగతా దేశానికి వర్తించేది ఎందుకు గెలిచారన్న భాగం. అది పదుల పేజీల లోపల ఉంటుంది, దాన్ని చదివి చెప్పేవారు తక్కువ.

ఎంపికా ఉంది, మూల్యమూ ఉంది

తర్కం ఒక్కటే ఈ మార్పును తెచ్చిందంటే అది అతిశయోక్తి. ‘ఒకే వర్గం’ అన్న వాదమూ, ‘గుర్తింపు వరకే’ అన్న వాదమూ రెండూ అధికరణంలోని మాటల్లోంచి తీయగలిగినవే. 2024 మెజారిటీ రెండోదాన్ని ఎంచుకోవడానికి కారణం, సమానత్వాన్ని వారు చూసిన తీరు. అందరినీ ఒకేలా చూడటం సమానత్వమన్న భావన నుంచి, వెనకబడినవాడు నిజంగా అందుకోగలిగాడా అని అడిగే భావన వైపు భారత న్యాయశాస్త్రం 1975 నాటి ఎన్.ఎం. థామస్ కేసు నుంచీ జరుగుతూ వచ్చింది. దవీందర్ సింగ్ ఆ ప్రయాణంలో ఒక మజిలీ. విలువల ఎంపిక ఉంది. దాన్ని దాచకుండా, ఏ పూర్వ తీర్పుల మీద నిలబడి చేశారో చూపించడం వల్ల అది విమర్శకు అందుబాటులో ఉంది.

ఈ పద్ధతికి మూల్యం కాలం. 1997లో పదో తరగతి చదివిన విద్యార్థి 2024 నాటికి నలభై దాటాడు. ఉద్యోగ వయసు మొత్తం ధర్మాసనాల మధ్య గడిచిపోయింది. 2014లో నివేదించిన ప్రశ్నను అయిదుగురు పరిశీలించి చెప్పడానికి ఆరేళ్లు, ఆ తర్వాత ఏడుగురు తేల్చడానికి మరో నాలుగేళ్లు పట్టింది. మూడు రోజుల్లో ముగిసిన వాదనల కోసం పదేళ్లు నిరీక్షించాల్సి రావడాన్ని ఏ తర్కమూ సమర్థించదు. బెంచీ సంఖ్య క్రమశిక్షణ అవసరమే. ఆ క్రమశిక్షణ పేరుతో ప్రశ్నలు అరల్లో పడి ఉండటం అవసరం కాదు. విస్తృత ధర్మాసనాలకు నివేదించిన కేసులకు గడువు పెట్టుకోవడం సుప్రీంకోర్టు చేతిలో ఉన్న పని.

ఇప్పుడు లెక్కల వంతు

అధికారం ఉందా అన్న ప్రశ్న తేలిపోయింది. 2004లో పక్కనే ఉండిపోయిన లెక్కల ప్రశ్న ఇప్పుడు ముందుకొస్తుంది. ఉపవర్గీకరణకు అనుభవ ఆధారాలుండాలనీ, ఒక ఉపవర్గానికి తగిన ప్రాతినిధ్యం లేదని రాష్ట్రం చూపాలనీ, మిగతావారిని పూర్తిగా తప్పించి ఒక ఉపవర్గానికే కోటా అంతా ఇవ్వకూడదనీ, ఇదంతా న్యాయసమీక్షకు లోబడి ఉంటుందనీ దవీందర్ సింగ్ తీర్పు స్పష్టం చేసింది.

తెలంగాణలో జస్టిస్ షమీమ్ అక్తర్ కమిషన్, ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్ రంజన్ మిశ్రా కమిషన్ సిఫార్సులపై 2025 ఏప్రిల్‌లో వర్గీకరణ అమల్లోకి వచ్చింది. రెండు చోట్లా మూడేసి వర్గాలే కానీ శాతాలు వేరు. తెలంగాణలో వరుసగా 1, 9, 5. ఆంధ్రప్రదేశ్‌లో 1, 6.5, 7.5. ఒకప్పుడు ఒకే రాష్ట్రంగా ఉండి 1, 7, 6, 1గా పంచుకున్న 59 కులాలకు ఇప్పుడు రెండు లెక్కలు. తెలంగాణలో మాదిగలు, ఆంధ్రప్రదేశ్‌లో మాలలు సంఖ్యలో ఎక్కువ కాబట్టి తేడా రావడం సహజమే. అయితే జనాభా ఒక్కటే సరిపోదు. చదువులో, కొలువుల్లో, ఏ స్థాయి పోస్టుల్లో ఎవరెక్కడున్నారో చెప్పాలి. 2011 తర్వాత దేశంలో జనగణన పూర్తికాని పరిస్థితిలో ఆ పని మరింత జాగ్రత్తగా జరగాలి. రేపు ఈ శాతాలు కోర్టు ముందుకు వస్తే జడ్జి అడిగేది ‘మీకు అధికారముందా’ అని కాదు. తొమ్మిది ఎందుకు, ఎనిమిది ఎందుకు కాదు? ఆరున్నర ఎక్కడి నుంచి వచ్చింది?

ఆ ప్రశ్నలకు జవాబు కోర్టు గుమ్మం ఎక్కాక వెతుక్కోకూడదు. కమిషన్లు ఆధారపడిన పట్టికలను కులాలవారీగా, పోస్టులవారీగా రెండు ప్రభుత్వాలూ ప్రజల ముందుంచాలి. కొత్త జనగణన లెక్కలు రాగానే శాతాలను సమీక్షించే పద్ధతిని చట్టంలోనే రాయాలి. తనకు తక్కువ వచ్చిందనుకునే కులం ఎందుకు తక్కువ వచ్చిందో చదివి తెలుసుకోగలగాలి, ఆ కారణం తప్పయితే దాన్ని పట్టుకుని సవాలు చేయగలగాలి. 2004లో ఓడినవారు 2024 దాకా రాగలిగింది, వారి ముందు కాదనడానికి ఒక కారణం రాతపూర్వకంగా ఉండటం వల్లే. ఇప్పుడు తక్కువ పొందినవారికీ ఆ అవకాశం అంతే స్పష్టంగా దక్కాలి. ఈసారి మాత్రం ఇరవై ఏళ్లు పట్టకూడదు.